పక్కనే పాలపిట్ట

శ్రవణ్ కాలి మీద ఆ అమ్మాయి కాలేసిన రోజు తప్పు పూర్తిగా ఆ అమ్మాయిదే. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఆ తర్వాత జరిగిన తప్పులన్నీ అతనివి.

డిసెంబరు నెల, ఆదివారం పొద్దున. మీరాలం చెరువు పక్కన పార్కులో పొగమంచు ఇంకా విడిపోలేదు. వాకింగ్‌కొచ్చిన పెద్దమనుషులు మంకీ క్యాపుల్లో దూరి, ఒకరినొకరు గుర్తుపట్టలేక అందరికీ నమస్తేలు పెట్టుకుంటూ పోతున్నారు. శ్రవణ్ మాత్రం దారి పక్కన గొంతుక్కూర్చుని, రెండు మందార కొమ్మల మధ్య సాలెపురుగు కట్టిన గూడును ఫోన్‌లో ఫొటో తీస్తున్నాడు. గూడు నిండా మంచు బొట్లు. ఊపిరి బిగబట్టి, ఇంకో క్షణంలో నొక్కుతాడనగా, ఒక తెల్ల షూ వచ్చి అతని పాదం మీద నిలబడింది. ఆ షూ తాలూకు మనిషి తూలిపడబోయి మందార కొమ్మ పట్టుకుంది. గూడు పోయింది.

"అయ్యో! సారీ అండీ, చూసుకోలేదు."

"చూసుకోలేదా? ఆరడుగుల మనిషిని మేడమ్, చీమను గాదు!"

"గొంతుక్కూర్చుంటే ఆరడుగులు ఎక్కడ కనిపిస్తాయండీ?"

శ్రవణ్ పాదం రుద్దుకుంటూ తలెత్తాడు. మెడలో పెద్ద కెమెరా, నెత్తిన ఊలు టోపీ, చలికి ఎర్రబడ్డ ముక్కు.

"గంత పెద్ద కెమెరా ఏసుకున్నరు, ముంగట మనిషి కనవడడా?"

"కెమెరా పిట్టల కోసం. మనుషుల కోసం కాదు," అంది. అని, కింద నలిగిన గూటిని వంగి చూసి, నిజంగానే బాధపడింది. "పాపం, రాత్రంతా కట్టుకునుంటుంది."

పాదం నొప్పి అక్కడికక్కడే తగ్గిపోయింది. వయసులో ఉన్న మగపిల్లల పాదాలు అంతే.

ఆమె పేరు సుచరిత. కాకినాడ వాళ్లు. తండ్రి పురుషోత్తంగారికి రైల్వేలో ఉద్యోగం, దబీర్‌పురా స్టేషన్ దగ్గర అద్దె ఇల్లు. ఆమె పిల్లలకు లెక్కల ట్యూషన్లు చెబుతుంది. ఆదివారం వస్తే కెమెరా మెడలో వేసుకుని ఈ పార్కుకొస్తుంది, తండ్రి స్కూటర్ మీద గేటు దగ్గర దింపి వెళ్తాడు. ఇవన్నీ ఆ పొద్దుటే, క్యాంటీన్ ముందు నిలబడి, శ్రవణ్ ఒక్కొక్కటే లాగాడు.

"మరి మీ చేతులేంటి, అలా ఎర్రగా ఉన్నాయి?"

"మర్డర్ చేసొచ్చిన."

"నిజం చెప్పండి."

"కుంకుమ. అఫ్జల్‌గంజ్‌ల మాది పసుపు కుంకుమ దుకాణం. మా తాతల సంది అదే. ఎంత కడిగినా పోదు, నేను సచ్చినంక గూడ ఎర్రగనే ఉంటయేమో."

ఆమె పకపకా నవ్వింది. ఆ నవ్వుకు దగ్గర్లో ఉన్న గోరింకలు లేచిపోయాయి. పిట్టల ఫొటోలు తీసేవాళ్లు నవ్వకూడదని శ్రవణ్ వెక్కిరించాడు. అప్పటికే అతను మునిగిపోయాడని మీకూ నాకూ తెలుసు, అతనికే ఇంకా తెలియదు.

సుచరితకు కావలసింది ఒక్కటే ఫొటో. పాలపిట్ట ఎగురుతుండగా తీయాలి. కూర్చుంటే ఏముంది, మట్టిరంగులో ముడుచుకుని ఉంటుంది. రెక్క విప్పిందా, ఎక్కడిదో ఆ నీలం మొత్తం ఒక్కసారి బయటపడుతుంది.

"మేం దసరా నాడు చూస్తం పాలపిట్టను. మా నాయనమ్మ అయితే చేతులెత్తి మొక్కుతది," అన్నాడు శ్రవణ్. "మంచి జరుగుతదంట."

"మాకూ అంతే. కానీ నేనెప్పుడూ కూర్చున్నదే చూశాను. ఎగిరేది పట్టుకోవాలి. ఈ చలికాలంలోనే."

"అంత జల్దీ ఏంది? వచ్చే చలికాలం గూడ వస్తది గద పిట్ట."

"పిట్ట వస్తుందండీ," అని కెమెరా మూత పెట్టుకుంది.

ఆ మాటను అతను పట్టించుకోలేదు.

ఆదివారాలు గడిచాయి. 'అండీ'లు పోయాయి, 'మేడమ్' పోయింది. అతను కుంకుమలో ఎన్ని ఎరుపులుంటాయో చెప్పేవాడు: గుడికి పోయేది ఒకటి, పెళ్లికి కొనేది ఒకటి, ముసలమ్మలు అడిగి మరీ తీసుకునేది ఇంకొకటి. ఆమె వెలుతురు గురించి చెప్పేది. పొద్దున ఏడున్నర దాటితే పిట్ట ఒంటి మీద నీడ గట్టిపడుతుందని, మంచు ఉన్నప్పుడే రంగు మెత్తగా వస్తుందని.

ప్రేమకథల్లో అమ్మాయిలు ఓరగా చూస్తారు. సుచరిత ఏనాడూ ఓరగా చూడలేదు. ఎవరైనా పలకరిస్తే తల మొత్తం తిప్పి, నిండుగా ముఖంలోకి చూసేది. శ్రవణ్‌కు అదే నచ్చింది. ఇంత సూటిగా తనను చూసిన మనిషి ఇంకెవరూ లేరనుకున్నాడు.

కాకపోతే కొన్ని సంగతులు అర్థమయ్యేవి కావు. పక్కన నిలబడి చాయ్ గ్లాసు అందిస్తే తీసుకునేది కాదు. అతను చెయ్యి చాపుకుని బొమ్మలా నిలబడి, "ఏంది, మా చాయ్ తాగవా?" అని అడిగితే ఉలిక్కిపడి, "ఓ, ఇక్కడున్నావా!" అనేది. గేటు పక్కనుంచి చెయ్యి ఊపితే చూడనట్టే పోయేది. ఆటపట్టిస్తోందని అతను మురిసిపోయాడు.

"సాయంత్రం చార్మినార్ దిక్కు పోదామా? లైట్లు పెట్టినంక మస్తుంటది."

"సాయంత్రాలు కుదరదు శ్రవణ్."

"మీ నాన్న కొడ్తడా?"

"కొడతాడు. నిన్ను," అంది నవ్వుతూ. నవ్వాక తల దించి కెమెరా పట్టీ సర్దుకుంది.

జనవరిలో ఒక పొద్దున ఇంకో విచిత్రం జరిగింది. సుచరిత దారి మధ్యలో నిలబడి, ఎదురుగా ఉన్న దీపస్తంభం మీదికి కెమెరా ఎక్కుపెట్టింది. పాలపిట్ట రోజూ అక్కడే వాలుతుంది. ఆ రోజు స్తంభం ఖాళీ. వెనక దూరంగా ఉన్న శ్రవణ్‌కు నవ్వాగలేదు, ఎందుకంటే పిట్ట అప్పుడే వచ్చి ఆమె కుడిపక్కన ఇనుప కంచె మీద వాలింది. చెయ్యి చాపితే అందదు గానీ, గింజ విసిరితే తగిలేంత దగ్గర. అరిస్తే ఎగిరిపోతుందని నోరు మూసుకుని, ఫోన్ తీసి, ఇద్దరూ వచ్చేలా ఒక ఫొటో నొక్కాడు. ఆమె ఎప్పుడు చూస్తుందా అని ఎదురుచూశాడు. ఆమె చూడలేదు. పిట్ట విసిగిపోయినట్టు లేచి పోయింది.

"గొప్ప ఫొటోగ్రాఫర్‌వి! పిట్ట పక్కన కూసుంటే ఖాళీ ఖంబాను చూస్తున్నవ్!" అని ఫోన్ చూపించాడు.

సుచరిత ఆ ఫొటోను చాలాసేపు చూసింది. "ఇంత దగ్గరా?" అంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఛాన్సు పోయినందుకనుకున్నాడు మన మేధావి.

"ఫికర్ చెయ్యకు. మల్ల వస్తది," అని ఓదార్చాడు కూడా.

ఆ వారంలోనే అసలు ముచ్చట జరిగింది. సుచరిత దుకాణం చూస్తానంది. మధ్యాహ్నం పూట ఆటోలో దిగింది. అఫ్జల్‌గంజ్ అంగట్లో ఆ వేళ బండ్లు, హమాలీలు, బేరాలు, లొల్లి. గోనెసంచుల నిండా ఎరుపు, పసుపు. ఆమె ప్రతి సంచి దగ్గరా ఆగి, అతను చెప్పిన ఎరుపులన్నీ పేరు పేరునా గుర్తుపట్టింది. శ్రవణ్ తండ్రి గల్లాపెట్టె దగ్గరి నుంచే ముసిముసిగా నవ్వాడు.

ఆ దుకాణానికి ఒక ఆచారం ఉంది. గడప దాటి బయటికెళ్లే ఏ ఆడమనిషీ బొట్టు లేకుండా పోకూడదు. కొన్నా కొనకపోయినా సరే. శ్రవణ్ నాయనమ్మ లక్ష్మీకాంతమ్మ గడప పక్కన పీట మీద, వెండి కుంకుమ భరిణెతో అందుకే కూర్చుంటుంది. బురఖాలో వచ్చిన వాళ్లకు బొట్టు బదులు పటికబెల్లం పెట్టి పంపుతుంది. ఆ రోజు ఆమె పట్టుచీర కట్టుకుని కూర్చుంది. ఎందుకో మనవడు చెప్పలేదు, ఆమె అడగలేదు, ఇద్దరికీ తెలుసు.

సుచరిత బయల్దేరింది. లక్ష్మీకాంతమ్మ మోకాళ్ల నొప్పులతో లేచి నిలబడింది. వేలికి కుంకుమ అద్దుకుని, "దా బిడ్డా," అంటూ పక్కనుంచి చెయ్యెత్తింది. బయట లారీ హారన్ మోగింది. సుచరిత ఆగలేదు. చూడలేదు. ఆ చేతి ముందు నుంచే గడప దాటి, మెట్లు దిగి, ఆటో ఎక్కి వెళ్లిపోయింది.

చెయ్యి అలాగే గాలిలో ఉండిపోయింది. కొనడానికొచ్చిన వాళ్లు చూశారు, హమాలీలు చూశారు. లక్ష్మీకాంతమ్మ ఆ కుంకుమను తన చీర కొంగుకే తుడుచుకుని కూర్చుంది.

"పోనీయ్‌రా. ఇష్టం లేదేమో," అంది.

తన పెళ్లినాటి నుంచి ఆ చేత్తో ఊరందరికీ బొట్టు పెట్టిన మనిషి. శ్రవణ్ చేతిలోని తూకం రాళ్లను బల్ల మీద విసిరేశాడు.

ఆదివారం దాకా అతని కోపం ఆరలేదు. పార్కులో సుచరిత నవ్వుతూ ఎదురొచ్చింది. అతను నవ్వలేదు.

"కండ్లు నెత్తికెక్కినయా నీకు?"

"ఏమైంది శ్రవణ్?"

"ఏమైందా? మా నాయనమ్మ బొట్టు పెట్టనీకి లేస్తే మొకం తిప్పుకొని పోతవా? లేవలేక లేచింది తెలుసా నీకు? మీ ఆంధ్రోళ్లకు మా చేతి బొట్టు గూడ పనికిరాదా?"

సుచరిత ముఖం తెల్లబోయింది. "మీ నాయనమ్మగారు... నాకు తెలీదు. నేను..."

"తెల్వదా! అంగడంత చూసింది. నువ్వొక్కదానివే చూడలే!"

ఆమె పెదవులు ఏదో చెప్పబోయి ఆగాయి. "అవును. నేనొక్కదాన్నే చూడలేదు," అంది. కెమెరాకు మూత పెట్టి, గేటు వైపు నడిచింది. మెట్ల దగ్గర ఆగి, పాదంతో అంచు తడిమి, ఒక్కొక్కటే దిగింది. కావాలనే మెల్లగా పోతోంది, పిలుస్తాననుకుంటోంది అనుకున్నాడు శ్రవణ్. పిలవలేదు.

పిలిచి ఉంటే ఎంత బాగుండేది! కానీ కోపంలో ఉన్నవాడికి నోరు తిట్టడానికే తెరుచుకుంటుంది.

తర్వాతి ఆదివారం ఆమె రాలేదు. ఆ పై ఆదివారమూ రాలేదు. కోపం తగ్గాక అతను ఫోన్ చేశాడు, ఎత్తలేదు. మెసేజ్‌లు పెట్టాడు, చూసింది గానీ పలకలేదు. దీపస్తంభం మీద పాలపిట్ట మాత్రం రోజూ వాలేది. దాన్ని చూస్తే ఏడుపొచ్చి, శ్రవణ్ ఆ దారిన నడవడమే మానేశాడు. దుకాణంలో పసుపు అడిగితే కుంకుమ తూచి ఇచ్చాడు. తండ్రి రెండుసార్లు తిట్టి, మూడోసారి ఊరుకున్నాడు.

లక్ష్మీకాంతమ్మే పట్టుకుంది ఒక మధ్యాహ్నం. "గా పిల్ల యాది రాట్లేదా?"

"దాని పేరెత్తకు నాయనమ్మా. పొగరు. నిన్నొక్కదాన్నే గాదు, పక్కనున్న పిట్టను గూడ చూడదు. ఇగో, నువ్వే చూడు," అని ఫోన్‌లో ఆ ఫొటో పెద్దగా చేసి ఆమె చేతికిచ్చాడు.

మంచు. మధ్యలో సుచరిత, కెమెరా ఎత్తి ఖాళీ స్తంభం వైపు. పక్కనే కంచె మీద పాలపిట్ట.

లక్ష్మీకాంతమ్మ కళ్లద్దాలు సర్దుకుని చూసింది. చూస్తూ చూస్తూ ఆమె ముఖం మారిపోయింది.

"ఒరే, చాయ్ ఇస్తే అందుకుంటదా ఈ పిల్ల?"

"పక్కకెళ్లి ఇస్తే అందుకోదు. నీకెట్ల తెలుసు?"

"నడుస్తుంటే మనుషులకు తాకుతదా? చీకటి పడ్తే బయటికి రానంటదా?"

శ్రవణ్‌కు మొదటి రోజు తన పాదం మీద నిలబడ్డ తెల్ల షూ గుర్తొచ్చింది.

"మీ తాత గట్లనే ఉండె," అంది ఆమె. "కండ్లల్ల నల్ల మోతిబిందు. ముంగటిది కనవడేది, పక్కది కనవడకపోయేది. నేను పక్కన నీళ్ల చెంబు పెడ్తే కాలుతోటి తన్నేటోడు. పొగరని మూడేండ్లు ఆయనతోటి కొట్లాడిన. డాక్టర్ చెప్పినంక ఆయన కాళ్లు పట్టుకొని ఏడ్చిన." ఫోన్ అతని చేతిలో పెట్టింది. "ఆ పిల్లకు నా చెయ్యి కనవడలేదురా. నువ్వు ఏమన్న అన్నవా?"

అతను తల దించుకున్నాడు. ఏమన్నాడో మొత్తం చెప్పాడు. విన్నాక లక్ష్మీకాంతమ్మ కొట్టలేదు, తిట్టలేదు. లోపలికెళ్లి పడుకుంది.

ఆ సాయంత్రమే దబీర్‌పురా వెళ్లాడు. పురుషోత్తంగారు తలుపు తీశారు. సుచరిత పక్కింట్లో పిల్లలకు ట్యూషన్ చెబుతోందట.

"నువ్వేనా బాబూ శ్రవణ్‌వి?" అన్నారాయన. కుర్చీ చూపించలేదు, పొమ్మనీ అనలేదు. "కంటి లోపల తెర, అంచుల నుంచి ఎండిపోతోందన్నారు. మందు లేదు. ముగ్గురు డాక్టర్లకు చూపించాను. ఇంకా ఎన్నాళ్లో ఎవరూ చెప్పరు. ఆ పిట్ట ఒక్కటి చూడాలి నాన్నా అని తిరుగుతుంటే దింపి వస్తున్నాను. ఇప్పుడు కెమెరా ఎవరికైనా ఇచ్చేయమంటోంది."

"ఒక్కసారి పార్కుకు తోలుకొని రండి అంకుల్. నాకోసం గాదు. మా నాయనమ్మ వస్తది."

ఆయన కళ్లు తుడుచుకుని, "అడిగి చూస్తాను," అన్నారు.

ఫిబ్రవరి చివరికొచ్చింది. మంచు పోయి, చెరువు మీద ఎండ పడుతోంది. శ్రవణ్, నాయనమ్మ పొద్దున్నే వచ్చి బెంచీ మీద కూర్చున్నారు. చాలాసేపటికి గేటు దగ్గర స్కూటర్ ఆగింది. సుచరిత దిగింది. కెమెరా మెడలో ఉంది.

శ్రవణ్ పరుగెత్తాడు. సరిగ్గా ఆమె ఎదురుగా వచ్చి ఆగాడు.

"నన్ను తిట్టు. కొట్టు. ఏమన్న చెయ్యి. గా మాట నేనెందుకన్ననో..."

"నీకు తెలీదు కదా."

"ఎందుకు చెప్పలే నువ్వు? గప్పుడే ఒక్క మాట చెప్తే కాళ్ల మీద పడుతుంటి!"

"అందుకే చెప్పలేదు," అంది సుచరిత. "ఆ రోజు దాకా నన్ను మామూలు అమ్మాయిలా చూశావు. వెక్కిరించావు, గొడవపడ్డావు. నిజం చెప్తే జాలిపడతావు. నీ జాలి కంటే నీ తిట్టే నయమనిపించింది. ఇంటికెళ్లాక మాత్రం నయంగా లేదు." ఆమె ఏడ్చేసింది.

లక్ష్మీకాంతమ్మ బెంచీ మీంచి లేచింది. మోకాళ్లు పట్టుకుంటూ వచ్చి, మనవడిని పక్కకు నెట్టి, సుచరితకు ఎదురుగా, ముఖంలో ముఖం పెట్టినట్టు నిలబడింది.

"ఇప్పుడు కనవడ్తున్ననా బిడ్డా?"

"కనిపిస్తున్నారమ్మా."

"ఆ రోజు నేనే తప్పు దిక్కున నిలవడ్డ. నా మనసుల ఏం పెట్టుకోలే, నువ్వు గూడ పెట్టుకోకు." భరిణె తెరిచి, వేలికి కుంకుమ అద్ది, ఆ వేలిని ముందు ఆమె కళ్లెదుట పట్టుకుంది. "ఇగో, చూసినవా? పెడ్తున్న." అప్పుడు బొట్టు పెట్టింది. సుచరిత ఆ చెయ్యి వదలకుండా పట్టుకుని, ఆమె భుజం మీద తల వాల్చింది. గేటు దగ్గర పురుషోత్తంగారు ముఖం అటు తిప్పుకున్నారు.

ముసలమ్మ బెంచీకి తిరిగెళ్లాక శ్రవణ్ అన్నాడు. "నాకు నువ్వు గావాలె సుచరితా. జాలి గీలి ఏం లేదు. నువ్వు లేక నేను పసుపడిగినోళ్లకు కుంకుమ అమ్మిన."

ఆమె ఏడుపులోనే నవ్వింది. వెంటనే నవ్వు పోయింది. "ఆలోచించుకో. ఇప్పుడు నాకు ఒక చిన్న గుండ్రంలోనే కనిపిస్తుంది. అదీ తగ్గుతూ పోతుంది. ఒకరోజు నీ ముఖం గుర్తు తెచ్చుకోవడమే తప్ప చూడలేను. పాలపిట్ట ఎగిరితే చూసి దాచుకుందామని ఇందుకే వెంటపడ్డాను."

"గదంత ఆలోచించే వచ్చిన. ఇప్పుడు నేను ఎంత కనవడ్తున్న?"

"కళ్లు, ముక్కు. మొత్తం కనిపించాలంటే నువ్వు దూరం వెళ్లాలి."

శ్రవణ్ వెనక్కి నడిచాడు. "ఇప్పుడు?"

"భుజాల దాకా. ఇంకొంచెం వెనక్కి."

నడిచాడు. "ఇప్పుడు?"

"ఇంకొంచెం... ఆఁ, అక్కడే. చెప్పులతో సహా ఉన్నావు." ఆమె కెమెరా ఎత్తింది. ఒకసారి దించి, మళ్లీ ఎత్తి, నొక్కింది.

అప్పుడే ఆమె ఎడమ పక్కన కంచె మీంచి పాలపిట్ట లేచింది. ఎండలో రెక్కలు విప్పి, చెరువు మీదికి పోయింది.

"సుచరితా! పిట్ట! నీ ఎడమకు!"

ఆమె తల తిప్పేసరికి కంచె ఖాళీగా ఉంది. ఆకాశంలో వెతికింది. దొరకలేదు. కాసేపు అలాగే నిలబడి, మళ్లీ అతని వైపు తిరిగింది.

"ఎగిరిందా?"

"ఎగిరింది."

"ఎలా ఉంది? చెప్పు."

"నీలంగ... మస్తు నీలంగ ఉంది."

"ఎరుపు గురించి అన్ని చెప్పేవాడివి. నీలం ఇంతేనా?"

అతను చెప్పబోయాడు. చెప్పడం రాక, ఏడుస్తూ, ఆమె వైపే నడిచాడు. సుచరిత కదలకుండా నిలబడి, అతన్నే చూస్తూ మెల్లగా చెప్పసాగింది.

"చెప్పులు పోయాయి... ఎర్ర చేతులు పోయాయి... భుజాలు పోయాయి."

అతను ఆగాడు. "ఇక రావొద్దా?"

"రా."

వచ్చాడు. ఊపిరి తగిలేంత దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"ఇప్పుడు ఏం కనవడ్తున్నది?"

"నీ కళ్లు. అంతే."

"సరిపోతదా?"

ఆమె చెయ్యెత్తి, చూపుకందని అతని చెంపను తడిమి, అక్కడి తడి తుడిచింది.

"మిగతాది ఇలా చూసుకుంటాను," అంది.